రాయి దించిన నాలుగు చేతులు

కిందటి వారం చిన్నోణ్ణి వాళ్ళన్న ఇంటి గుమ్మంలో, చెప్పులు చేత్తో పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, అద్దాల కొట్టులో సగం వాటా ఉన్నవాడు, అయినా ఇంట్లోవాళ్ళకి చిన్నోడే. ఆ గుమ్మం తొక్కి పధ్నాలుగు నెలలయింది.

ఎందుకు తొక్కలేదో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కొత్తవాళ్ళకి ఒక్కమాటలో చెప్తాను. అన్న బడిలో సైన్సు చెప్పేవాడు. ఒక సెలవు రోజు పొద్దున తన చేపల తొట్టి పక్కన తడినేల మీద పడిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ పొద్దునే తమ్ముడికి ఫోన్ చేశాడు, "రారా, తొట్టిలో రాయి జరపాలి, ఒక్కడి వల్ల అయ్యేది కాదు" అని. అంతకుముందు రోజే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. బడి తలుపు అద్దం పగిలి కత్తుల్లాంటి పెంకులు రాలాయి. గట్టి అద్దమైతే పటికబెల్లం పలుకుల్లా రాలాలి. "మీ కొట్టువాళ్ళు మామూలు అద్దం బిగించి పోయారు" అన్నాడు అన్న. "నా భాగస్తుడు అలాంటివాడు కాదు" అన్నాడు చిన్నోడు. ఆ వేడి ఇంకా చల్లారలేదేమో, ఫోన్‌లో "నీ చేపలు, నీ రాళ్ళు, నువ్వే చూసుకో" అని పెట్టేశాడు. భాగస్తుడు పక్కనే ఉన్నాడు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంది కాబట్టి ఆయన్ని అందరూ కొలతలాయన అంటారు. "కాస్త చల్లబడనీ, సాయంత్రం వెళ్దువులే. నేను కొలతలకి పోయొస్తా, కొట్టు చూసుకో" అన్నాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది.

అప్పట్నుంచి అమ్మ చిన్నోడితో మాట్లాడలేదు. ఒక్క మాట కూడా.

"లోపలికొస్తావా, గుమ్మానికి కాపలా కాస్తావా?" అంది వదిన. మందుల దుకాణంలో పని చేస్తుంది. ఈ పూటకి సెలవు పెట్టింది.

"చెప్పులెక్కడ పెట్టను?"

"అందరూ బయట విడుస్తారు."

"ఎవరైనా చూస్తే..."

"చూస్తే ఏం? దొంగతనానికి వచ్చావా?"

"కొట్లో పంటినొప్పని చెప్పి వచ్చాను వదినా. ఇక్కడికొస్తానంటే కొలతలాయన వద్దంటాడు. అన్నప్పుడల్లా అదే మాట. గాయం మానే దాకా ఆ ఇంటి గాలి పడదంటాడు."

వదిన అతని చేతిలోంచి చెప్పులు తీసుకుని తలుపు వెనక పెట్టింది.

ముందుగదిలో కిటికీకి మందపాటి తెర వేసి ఉంది. పట్టపగలైనా ఆ గదిలో వెలుగు తొట్టిలోంచే రావాలి. ఆకుపచ్చటి వెలుగు. గోడకి, కుర్చీలకి, మనిషి మొహానికి అంతా అదే రంగు. తొట్టి ఆరడుగుల పొడుగు. అన్నదమ్ములిద్దరూ కలిసి అతికించినది. చిన్నోడి కళ్ళు ముందు దాని మూలల మీదికి పోయాయి, ఎక్కడైనా చెమ్మ కారుతుందేమోనని. కారడం లేదు. తరవాత పక్కన మేకుకి వేలాడే తువ్వాల మీదికి పోయాయి. అన్న చేతులు తుడుచుకునేది. పధ్నాలుగు నెలలుగా ఎవరూ ముట్టనట్టుంది, అప్పడంలా బిగుసుకుపోయింది.

ఆ తువ్వాల కింద పేము కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. కళ్ళకి పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. తొట్టి వెలుగు ఒక్కటే ఆమెకి తెలుస్తుంది కాబట్టి అక్కడే కూర్చుంటుంది.

"అమ్మా" అన్నాడు చిన్నోడు.

"కోడలా," అంది అమ్మ, "ఆ మోటారు శబ్దం మారింది, చూడు."

తొట్టికి గాలి పంపే మోటారు అది, శబ్దం ఏమీ మారలేదు.

ఇక చేపల సంగతి. ఉన్నవి రెండే. సిక్లిడ్లంటారు, ఒక్కోటి జానెడు పైన ఉంటుంది. ఈ జాతికి మూడు గుణాలు. మనిషి మొహం గుర్తుపడతాయి, తమదనుకున్న చోటు వదలవు, పక్కదాన్ని ఓర్చవు. ఎర్రది, నుదురు పొంగినది, పెత్తందారు. నల్లటి ఒంటి మీద పచ్చటి చుక్కలున్నది చాటోడు. పేర్లు అన్న పెట్టినవే. పెత్తందారు కుడి చివర పలకరాయి నీడలో అద్దానికి మొహం ఆనించి ఉన్నాడు. చాటోడు ఎడమ మూల, నీటి పైన, గొట్టం వెనక పక్కకి వాలి వేలాడుతున్నాడు. తోక రెక్క చీలికలు పీలికలయింది. ఒక వైపు పొలుసులు లేచి తెల్లగా కనబడుతోంది.

"మేత ముట్టనివ్వడం లేదు," అంది వదిన. "ఇటు వేస్తే ఇటొస్తాడు, అటు వేస్తే అటు పోతాడు. మధ్యలో ఒక కుమ్ము కుమ్మి పోతాడు."

"రెండు చివర్లా ఒకేసారి వేసి చూశావా?"

"నాకున్నవి రెండు చేతులు. అవీ ఆరడుగులు లేవు."

చిన్నోడికి నవ్వొచ్చింది, వచ్చినంత తొందరగా పోయింది. ఎందుకంటే పెత్తందారు చోటు వదిలి గదిలోని మనిషి కోసం రాలేదు. ఎవరొచ్చినా మొప్పలు విప్పార్చి అద్దం మీదికి దూకేవాడు, చిన్నోడు చేత్తో మేత వేసి పెంచినవాడు, ఇప్పుడు అతని వైపు చూడనైనా చూడడు. అద్దం అవతల నేల మీద ఒక చోటే చూస్తున్నాడు.

"రోజూ ఈ వేళకి ఇంతే," అంది వదిన నెమ్మదిగా. "అక్కడే చూస్తాడు. మీ అన్న పడిపోయింది అక్కడే."

"మేత వేళ కదా వదినా. అలవాటు."

"మేత వేసే మనిషి నిలబడితే మొహం పైన ఉంటుంది గాని, నేల మీద ఉండదు కదా."



*

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మనం అంటాం. అన్న దానికో తోక తగిలించేవాడు. ఇమడకపోతే ఒర మార్చు అనేవాడు. "చేపకి కోపం పక్క చేప మీద కాదురా. ఈ రాయి నాది, ఈ మూల నాది, ఆ ప్రేమే ముదిరి కోపమవుతుంది. రాళ్ళన్నీ కలియబెట్టి ఎవడికీ ఏ మూలా తెలీకుండా చెయ్. పాత ఊరు లేనప్పుడు పాత పెత్తనం ఎక్కడ నిలబడుతుంది?" నాలుగు నెలలకోసారి అన్నదమ్ములిద్దరూ ఆ పని చేసేవాళ్ళు. అన్న పోయిన రోజు పెట్టిన రాళ్ళు పెట్టినట్టే ఉన్నాయి. వదిన ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆయన చేతులు ఆఖరున తాకినవి అవే మరి. దాంతో పెత్తందారుకి పధ్నాలుగు నెలలుగా ఒకటే రాజ్యం. చాటోడి బతుకు గొట్టం వెనకే అయిపోయింది. ఇంకో వారం ఇలాగే ఉంటే ఒక చేపే మిగులుతుందని వదినకి అర్థమయింది. అందుకే ఫోన్ చేసింది.

చిన్నోడు తొట్టి దీపం ఆర్పాడు, వంటింట్లోంచి వచ్చే వెలుగు పనికి చాలు. చీకటైతే చేపలకి దారి తెలీదు, కాస్త నెమ్మదిస్తాయి. నీళ్ళు మూడోవంతు గొట్టంతో తోడేశాడు. తరవాత కొట్లో కోసి తెచ్చిన చిల్లుల పలక విప్పాడు. ప్లాస్టిక్‌ది. రాళ్ళు మార్చినా పోట్లాట ఆగకపోతే తొట్టికి అడ్డంగా నిలబెట్టి ఓ వారం ఇద్దర్నీ విడదీయాలి. నీళ్ళు చిల్లుల్లోంచి పోతాయి, ఒకడికొకడు కనబడతాడు గాని అందడు. చూసి చూసి అలవాటు పడతారు.

పలక దించబోతే దిగలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలి మందం ఎక్కువుంది.

వదిన చూస్తోంది. "కొలిచే కోశావా?"

"తొట్టి వెడల్పు రెండడుగులని నాకు నోటికొచ్చు."

"నోటికొచ్చింది బయట కొలత కదా?"

అప్పుడు వెలిగింది చిన్నోడికి. అటూ ఇటూ అద్దం మందం తియ్యలేదు. ఇరవై ఏళ్ళుగా అద్దాలు కోస్తున్నవాడు చెయ్యగూడని తప్పు. చెవులు వేడెక్కాయి.

"వంటమనిషి పొయ్యి వెలిగించడం మరిచినట్టుంది," అంది వదిన. "కొట్టుకి ఫోన్ చెయ్యనా? కొలత చెప్తే కోసి పంపుతారు."

"చెయ్. నేనిక్కడున్నానని మాత్రం అనకు."

వదిన వంటింట్లోకి పోయి మాట్లాడి వచ్చింది. "ఆయనే తీశాడు. మనిషి లేడట, తనే తెచ్చిస్తానన్నాడు."

"ఆయనా?" చిన్నోడికి ఆశ్చర్యమేసింది. అన్న పోయినప్పుడు కూడా కొలతలాయన వీధిలోనే నిలబడి దండం పెట్టి పోయాడు. ఇంట్లో కాలు పెట్టలేదు.

చాటోణ్ణి పట్టడం కష్టం కాలేదు. ప్లాస్టిక్ గిన్నె కింద పెట్టి ఎత్తితే అలసిపోయినవాడిలా అందులో పడుకున్నాడు. పెత్తందారుతో అరగంట పట్టింది. వల వేస్తే వీపు ముళ్ళు చిక్కుకుని ఒళ్ళు చీరుకుపోతుంది. కాబట్టి బకెట్టు నీళ్ళలో ఒరిగించి పెట్టి, వెనకనుంచి చెయ్యి చూపిస్తూ, ఓపిగ్గా తోలుకుపోవాలి. అన్న ఈ పని చేసేటప్పుడు లోలోపల ఏదో గొణుక్కునేవాడు, బుజ్జగించినట్టు. చిన్నోడికి తెలీకుండా తన నోటి నుంచీ ఆ గొణుగుడు వచ్చింది.

పేము కుర్చీ కిర్రుమంది. అమ్మ ముందుకి వంగింది. ఆమె పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

చేపలు చెరో టబ్బులోకి చేరాయి. గాలి గొట్టాలు వేసి, మూతలు పెట్టి, పెత్తందారు మూత మీద ఇటుక కూడా పెట్టాడు. వీడు ఎగిరి బయటపడే రకం. లోపల్నుంచి తోకతో ధన్‌మని కొట్టాడు. కాస్సేపాగి మళ్ళీ కొట్టాడు. ఇక ఆ గదిలో ఆ చప్పుడొకటి మొదలయింది.

*

చిన్న రాళ్ళన్నీ తీసి పాత దుప్పటి మీద పరిచారు. మిగిలింది పలకరాయి. నల్లటిది, అడుగున్నర పొడుగు, రెండు చేతులా ఎత్తినా నడుము పట్టుకునే బరువు. చిన్నోడు ఒక వైపు, వదిన ఒక వైపు, మోచేతుల పైదాకా నీళ్ళలో పెట్టి లేపారు.

రాయి లేవగానే దాని కింద నుంచి తెల్లటిదొకటి ఎగిరి వచ్చి నీటి మీద తేలింది.

థర్మోకోల్ అట్ట. రాయి కొలతకి సరిగ్గా కోసిన ముక్క.

రాయి నేల మీద పెట్టారు. వదిన చీర అంచు పిండుకుంటోంది. చిన్నోడు మాత్రం తేలుతున్న ఆ అట్టనే చూస్తూ నిలబడ్డాడు. 

"ఏమయింది?"

"ఇది దీని కింద ఉంది వదినా."

"ఉంటే? అడుగద్దం పగలకుండా మీరెప్పుడూ వేసేదే కదా."

"మేం వేసేదే. మేమిద్దరం." అతను అట్టని వేలితో నీటి అడుక్కి నొక్కాడు. వదిలాడు. చప్పున పైకొచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వచ్చింది. "చూడు. ఇది అడుగున నిలవదు. ఒకడు రెండు చేతులతో అడుక్కి అదిమి పట్టుకోవాలి. ఇంకొకడు రాయి దించాలి. నాలుగు చేతులు కావాలి వదినా. రాయికి కట్టిన దారం లేదు, అతికించిన మరక లేదు."

"అంతకుముందు మీరు పెట్టిందే అయ్యుంటుంది."

"మేం పెట్టినప్పుడు రాయి ఎడమ చివర ఉంది. ఇటు మార్చింది ఆ రోజు. అందుకే కదా నన్ను రమ్మంది."  "పధ్నాలుగు నెలల్నించి నేనేమనుకుంటున్నానో తెలుసా? నేను రాలేదు కాబట్టి ఒక్కడే ఎత్తాడు, ఎత్తినందుకు గుండె పగిలింది అని. రోజూ పడుకునే ముందు ఆ రాయి ఎత్తుతుంటాను వదినా, మంచం మీద. వాడొక్కడే ఎత్తలేదు. ఇంకెవరో ఉన్నారు."

"నేనొచ్చేసరికి ఆయనొక్కరే పడున్నారు. పక్కన అత్తయ్య కూర్చుని ఉంది. ఎవరూ లేరు."

టబ్బు ధన్‌మంది.

"ఎందుకురా ఈ నాటకం?"

ఎవరిదా గొంతని చిన్నోడికి ఒక్క క్షణం తెలీలేదు. అంత కాలమయింది విని.

అమ్మ మొహం అతని వైపే ఉంది. చూపులేని ఆ కళ్ళు రెండూ అతనికి ఓ చేతి దూరంలో, గోడ మీద ఆగాయి.

"అమ్మా?"

"అట్ట దొరికింది, అట్టని పట్టుకుని ఆశ్చర్యపోతున్నావు. నీ చేత్తో అదిమిపట్టిన అట్టే కదరా అది."

"నేనా?"

"ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని కూచున్నాను. ఒకడు పోయాడు, రెండోవాణ్ణి నా నోటితో నేను పోగొట్టుకోనా అని. కోడలికి కూడా చెప్పలేదు. కానీ నా ముందు నిలబడి ఇంకెవరో అంటే ఊరుకోలేను."

వదిన గోడకి ఆనుకుంది. "అత్తయ్యా, ఏం మాట్లాడుతున్నావు?"

అమ్మ చెప్పింది. తొందర లేకుండా చెప్పింది, చాలాసార్లు లోపల చెప్పుకున్న మనిషిలా.

"ఆ రోజు నువ్వు పనికి పోయావు కోడలా. నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. పెద్దోడు నీళ్ళు తోడుతున్నాడు. తలుపు చప్పుడయింది, ఎవరో వచ్చారు. వీడి వాసనే. చేతులకెప్పుడూ ఉంటుంది కదా, పులిసినట్టు, ముక్కు పట్టేసేది. 'చిన్నోడా, నువ్వేనట్రా?' అన్నాను. 'ఊఁ' అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ముందు రోజు పోట్లాడుకున్నారు కదా, బింకం మీదున్నాడులే అనుకున్నాను. ఇద్దరూ రాయి దించడం వినబడింది. తరవాత మోటారు హోరులో ఏవో గుసగుసలు. పెద్దోడు ఒకసారి గట్టిగా, 'పిల్లలు తిరిగే చోటు' అన్నాడు. ఆ మాట ఒక్కటే తెలిసింది. ఆ తరవాత..."

ఆగింది. చేతులు ఒళ్ళో వెతుక్కున్నాయి.

"పడ్డ చప్పుడు. నీళ్ళు నా కాళ్ళ మీదికొచ్చాయి. అడుగులు తలుపు దాకా పోయాయి. నెమ్మదిగా. పరిగెత్తి కూడా కాదు. తలుపు మూసుకుంది. నేను కిందికి దిగి తడుముకున్నాను. పెద్దోడి గుండె మీద చెయ్యేస్తే ఇంకా కదులుతోంది. కదులుతోందిరా. నేను నిన్నే పిలిచాను. చిన్నోడా రా, చిన్నోడా రా అని, గొంతు పోయే దాకా పిలిచాను. ఫోను ఎక్కడుందో నాకేం తెలుసు? నా చేతి కింద ఆగిపోయింది."

 తేలే అట్ట ముక్క నెమ్మదిగా తిరిగి తిరిగి అద్దానికి తగిలింది.

"చిన్నప్పుడు వాడి కాలు విరిగినప్పుడు అటకెక్కి దాక్కున్నావు," అంది అమ్మ. "సాయంత్రం దాకా దిగలేదు. పిరికి ముండాకొడుకు, భయపడి పోయాడు, అంతే, కావాలని కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోగలిగాను గాని నీతో మాట్లాడలేకపోయాను."

చిన్నోడు ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. పధ్నాలుగు నెలలు తాను రానందుకు మాట్లాడలేదనుకున్నాడు. ఆమె వచ్చాడనుకుని మాట్లాడలేదు. ఇద్దరూ ఒకే రాయిని చెరోవైపు మోస్తూ వచ్చారు, ఒకరికొకరు కనబడకుండా.

"అమ్మా, నేను రాలేదు."

అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"రాలేదమ్మా. రమ్మంటే రానన్నాను. ఆ పాపం నాదే, కాదనను. కానీ వచ్చి వదిలిపోలేదు. నీ మీద ఒట్టు. ఆ పొద్దున నేను కొట్టు దాటలేదు."

అమ్మ మొహం మళ్ళీ ఇటు తిప్పింది. తరవాత చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు."

అతని తడిచెయ్యి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ దగ్గర, మణికట్టు దాకా వాసన చూసింది. చంటిబిడ్డ తల వాసన చూసినట్టు.

"చెరువు వాసన వస్తోంది," అంది. "చేప నీచు. ఆ పులుపు లేదేం?"

"అది సిలికానమ్మా. అద్దాలతికించేది. అన్న పోయాక నేను తొట్లు చెయ్యడం మానేశాను. సిలికాన్ ముట్టి పధ్నాలుగు నెలలయింది. ఇప్పుడు కొట్లో ఆ పని చేసేది ఒక్క..."

మాట అక్కడే ఆగిపోయింది.

ఆ రోజుల్లో కొట్లో రెండు జతల చేతులకి ఆ వాసన ఉండేది. ఒక జత ఆ పొద్దున గల్లా దగ్గర ఫోను పెట్టేసి కూచుంది. రెండో జత టేపు మెడలో వేసుకుని కొలతలకని బయల్దేరింది. మధ్యాహ్నం కబురొచ్చే వేళకి తిరిగొచ్చింది. చొక్కా చేతులు మోచేతుల పైదాకా తడిసి ఉన్నాయి. ఏమిటని అడిగితే కుళాయి దగ్గర జారాననే సమాధానం వచ్చింది. ఇన్నాళ్ళూ గుర్తుకు రాని ఆ తడి చేతులు ఇప్పుడు చిన్నోడి కళ్ళముందు నీళ్ళోడుతూ నిలబడ్డాయి.

అతను తలెత్తి వదినని చూశాడు. వదిన తన చేతిలో ఉన్న ఫోనుని చూస్తోంది.

"బయల్దేరానని మెసేజ్ పెట్టాడు," అంది. "అరగంటయింది."

*

చేతులకి పని చెప్పకపోతే మనిషి పిచ్చివాడవుతాడు. చిన్నోడు లేచి రాళ్ళు పేర్చాడు. వదిన అట్టని అదిమి పట్టుకుంది, అతను పలకరాయిని మధ్యలో నిలువుగా దించాడు. ఈ చివర్నుంచి చూస్తే ఆ చివర కనబడకూడదు. మిగతా రాళ్ళతో రెండు వైపులా రెండు గూళ్ళు కట్టాడు. ఒక్కోదానికి రెండేసి వాకిళ్ళు వదిలాడు. రెండో వాకిలి లేని చాటు బోనవుతుంది, అన్న మాటే అది. తరవాత చాటోణ్ణి ముందుగా వదిలాడు. దెబ్బ తిన్నవాణ్ణే ముందు వదలాలి. తిరిగి, చూసి, ఇది నాది అనుకోవాలి. కొట్టేవాడు ఆఖరున రావాలి, కొత్త ఊళ్ళోకి పరాయివాడిలా.

చాటోడు ఒక గూట్లో దూరి అవతల్నుంచి బయటికొచ్చాడు. మళ్ళీ దూరాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి నిటారుగా ఈదాడు.

పెత్తందారు టబ్బులో కొట్టుకోవడం ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో కింద వీధిలో స్కూటరు ఆగింది. చిన్నోడికి ఆ ఇంజను దగ్గు తెలుసు. రోజూ ఉదయం తొమ్మిదింటికి వినేదే. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. నెమ్మదిగా.

వదిన తలుపు వైపు కదలబోయింది. చిన్నోడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఇద్దరూ తొట్టి వెనక్కి, తెర నీడలోకి తప్పుకున్నారు. గుమ్మం బయట అతని చెప్పులు లేవు. గదిలో దీపం లేదు. చూసేవాడికి పేము కుర్చీలో ఒక ముసలమ్మ, అంతే.

తలుపు సగం తెరుచుకుంది. మనిషి కంటే ముందు వాసన వచ్చింది. పుల్లగా, ముక్కు పట్టేసేలా, అప్పుడే అతికించిన అద్దం వాసన.

అమ్మ చెయ్యి గాల్లో వెతికి చిన్నోడి మణికట్టు దొరకబుచ్చుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. మొహం మాత్రం తలుపు వైపు తిప్పింది. రోజూ మాట్లాడే మామూలు గొంతుతోనే అడిగింది.

"చిన్నోడా, నువ్వేనట్రా?"

గుమ్మంలో అడుగులు ఆగాయి. 

"ఊఁ" అని జవాబొచ్చింది.